మూడో నంబర్ సబ్బు డబ్బా

భద్రాచలం బస్టాండ్ వెనక సందులో నాలుగు పీసీల గేమ్ సెంటర్. పగలు మూడింటికే షటర్ దించేశారు.

“చెయ్యి వదులన్నా, విరుగుద్ది! చందరన్నా, దండం పెడతా, వదులు!”

“విరగనీ. రెండున్నయ్ గదా. ఈ కంట్రోలర్ నీకు యాడిదో చెప్పు జేపీ, వదుల్త.”

“ఇందాకే చెప్పాగా. ఆన్‌లైన్‌లో కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది.”

“ఏ దినం?”

“పోయిన వారం.”

“పోయిన వారం ఏ దినం?”

“గుర్తులేదన్నా. షటర్ ఎందుకు దించావ్? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?”

“కరెంటు వోయిందనుకుంటరు. నువ్వు అరిచినా ఫరక్ పడది, పక్క దుకాణపాయన పెండ్లికి వోయిండు. ఇటు జూడు. మూడో పీసీ వెనకాల ఏం గుచ్చి ఉన్నది?”

“సబ్బు డబ్బా. కంట్రోలర్‌ని వైరు లేకుండా పీసీకి కలపడానికి నువ్వు చేసిన అడాప్టర్.”

“దాని లైటు?”

“నీలం. వెలుగుతోంది.”

“టకటక కొట్టుకుంటున్నదా, నిలవడి ఉన్నదా?”

“నిలబడే ఉంది. అయితే ఏంటన్నా? దీనికి కూడా ఒక అడాప్టర్ చేసిపెట్టమని తెచ్చాను. ఛార్జింగ్ ఉందా లేదా అని బటన్ నొక్కాను. అది పోయి మూడోదానికి కలిసింది. ఆ మాత్రానికి చెయ్యి మెలిపెడతావా?”

“ఆ మాత్రానికే. పోయిన ఎండాకాలం లొల్లి యాదికున్నదా?”

“ఏ లొల్లి?”

“నాలుగు పీసీలకు నాలుగు డబ్బాలు వెట్టిన కొత్తల. ఒకని కంట్రోలర్ ఇంకొకని పీసీకి కలిసేది. వీడు గుద్దుమంటే వాని బొమ్మ గుద్దేది. కుర్చీలు లేసినయ్ ఈ రూంల.”

“గుర్తుంది. నా మీదికి ఎవడో కూల్‌డ్రింక్ సీసా విసిరాడు.”

“ఆ లొల్లి తర్వాతనే నేనూ లాల్‌సింగూ రెండు దినాలు దుకాణం బంద్ వెట్టి కూసున్నం. ప్రతి కంట్రోలర్‌కు కంపెనీల పుట్టినప్పుడే ఒక నంబర్ ఇస్తరు. పన్నెండు అక్షరాలు. లోకంల ఇంకోదానికి అదే నంబర్ ఉండది. ఆ నంబర్ తీసి డబ్బాల రాసినం. మూడో డబ్బా మూడో కంట్రోలర్‌కే తలుపు తీస్తది. వేరేది వచ్చి దినమంత కొట్టినా తియ్యది.”

“అయితే?”

“ఇప్పుడు తీసింది గదరా!”

“తప్పు కలిసిందేమోనన్నా. చేత్తో చేసిందే కదా, కంపెనీది కాదుగా—”

“చేత్తో చేసిందే! లాల్‌సింగ్ చేత్తోటి చేసిండు! అర్ధ రూపాయంత బోర్డు మీద వెంట్రుకంత వైరు వెట్టి, ఊపిరి బిగవట్టి అతికిచ్చిండు. మూడు బోర్డులు కాలవెట్టినంక నాలుగోది పని చేసింది. సబ్బు డబ్బా నేను కొన్న, కోడు నేను రాసిన, పాణం వోసింది వాడు. నాలుగు డబ్బాలు ఏడాది నుంచి ఒక్కసారి తప్పు కలవలే. నీకోసం కలుస్తయా?”

“నాకేం తెలుసన్నా ఇవన్నీ!”

“ఇది తెలుస్తదిగా. మూడో కంట్రోలర్ ఎక్కడుండాలె?”

“నాకు తెలీదు.”

“లాల్‌సింగ్ సంచిల ఉండాలె. ఎడమ జాయ్‌స్టిక్ పుల్ల దానంతటదే పక్కకు గుంజుతున్నదని, తండాల కూసోని బాగుచేస్తనని, తువ్వాల్ల సుట్టుకోని పోయిండు. తొమ్మిది దినాలాయె. కంట్రోలర్ వచ్చింది. మనిషేడి?”

“అన్నా, నేను— అబ్బా!”

“మనిషేడి?”

“పన్ను... పన్ను కదిలిందన్నా...”

“మాట కదలాలె నాకు. పన్నుతోటి ఏం పని?”

“లాల్‌సింగ్‌ని నేనేం చేస్తాను? ఆ రోజు రాత్రి పదింటిదాకా నీ ముందే ఉన్నా కదా! ఇక్కడే ఆడుతున్నా కదా!”

“ఉన్నవ్. ఉన్నవ్ గనకనే ఇంక మాట్లాడుతున్న. లేకపోతే నీ తలకాయ ఆ మానిటర్ల ఉండేది.”

“నువ్వు ఇలాంటోడివి కాదన్నా.”

“కాకుండె. తొమ్మిది దినాల కింద కాకుండె. వాని గురించి ఊరంత ఏమంటున్నరో ఎరుకేనా? అడవిల అన్నలల్ల కలిసిండంటున్నరు. వైర్ల పని వచ్చినోడు, బోర్డుల పని వచ్చినోడు, ఇంకేడికి పోతడు అంటున్నరు. కంప్లైంట్ ఇయ్యవోతే నన్నే కూసోవెట్టి అడిగిన్రు. గీ డబ్బా ఏంది, దూరంకెళ్లి నొక్కితే ఏం పేలుతది అని. ఏం పేలది సార్, బొమ్మ దుంకుతది అన్న. నమ్మలే. వాడు బొమ్మల దుంకిచ్చెటోడు, జేపీ! ఇద్దరు పిల్లలున్నరు వానికి!”

“అన్నా, కుర్చీకి ఎందుకు కడుతున్నావ్? ఆ స్విచ్ ఎందుకు వేశావ్? అదేంటి చేతిలో?”

“సోల్డరింగ్ ఐరన్. నువ్వు చూడనిదా? మూడొందల యాభై డిగ్రీలకు రావాలె. రెండు నిమిషాలు పడ్తది. ఆలోచించుకో.”

“కట్టు విప్పన్నా. వైరు కోసుకుపోతోంది.”

“ఆలోచించుకో.”

“ఆన్‌లైన్‌లోనే కొన్నా—”

“ఆర్డరు చూపెట్టు ఫోన్ల.”

“డిలీట్ చేశాను.”

“ఆహా.”

“నిజం! మా అమ్మ చూస్తే తిడుతుందని. వద్దు. వద్దన్నా. అది దూరం పెట్టు. చందరన్నా, వద్దు, వద్దు— అమ్మా! అమ్మా! కాలింది, కాలిందన్నా!”

“మణికట్టు మీదనే వెట్టిన. ఇంకోసారి యాడ వెడ్తనో నాకే తెల్వది.”

“జీపులో! మా నాన్న జీపులో దొరికింది!”

“మళ్ల చెప్పు.”

“జీపులో సీటు కింద జాకీ డబ్బా ఉంటుంది. మొన్న టైరు పంచరైతే తీశాను. గోనెపట్టాలో ఏదో చుట్టి ఉంది. విప్పితే ఇది. ఎవరిదో పడిపోతే తెచ్చి పెట్టాడనుకున్నా. అడిగితే ఇవ్వడని అడక్కుండా తీసుకున్నా. అంతేనన్నా. అంతే. దొంగతనం చేశాను, అంతే.”

“పట్టాల ఇంకేమున్నయ్?”

“ఏం లేవు.”

“ఐరన్ ఇంక సల్లారలే, జేపీ.”

“చెప్పు ఉంది! ఒక చెప్పు. ఒకటే. రెండోది లేదు.”

“ఎట్లాంటి చెప్పు?”

“నీలం పట్టీది. రబ్బరు చెప్పు. మట్టి కొట్టుకుపోయి ఉంది. నేను ముట్టుకోలేదు... అన్నా? ఏమైందన్నా? అలా చూడకు.”

“చందరన్నా! ఓ చందరన్నా! లోపటున్నవా?”

“ఎవరన్నా అది?”

“రూప్లి. లాల్‌సింగ్ భార్య. నోరు తెరిచినవంటే నాలికె మీద వెడ్త.”

“ఏందన్నా పగటీలి షటర్ ఏసినవ్? బండి బయటనే ఉన్నది. ఎవరో ఒర్లినట్టాయె.”

“ఏం లేదు చెల్లె! షార్ట్ సర్క్యూట్ అయింది. చెయ్యి కాలింది. నువ్వు వో, పొద్దుమీకి నేనే తండాకు వస్త.”

“కాలిన వాసన వస్తున్నది. తియ్యన్నా, నీళ్లు వోస్త.”

“అక్కర్లేదన్న గదా!”

“నువ్వు నన్ను ఎన్నడు గదమాయించలే. లోపట ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరు.”

“వదినా! వదినా, షటర్ తియ్యమను! నన్ను చంపేస్తున్నాడు వదినా!”

“అన్నా, తీస్తవా, సందుల జనాన్ని పిలువాల్నా?”

“...వంగి రా. మళ్ల కిందికి గుంజు. మొత్తం.”

“ఓ యాడీ, ఓ అమ్మా... ఎవరీయన? మన వెంకటరామారావు సార్ కొడుకు గాదు? వాళ్ల చేన్లకే గద నేను కలుపుకు వోయేది! కుర్చీకి కట్టినవేందన్నా? నోట్లెకెళ్లి నెత్తురు!”

“వదినా, నువ్వైనా చెప్పు. నేనేం చేయలేదు.”

“ఇయ్యాల వదిననైతినా? చేన్ల అయితే ‘ఏయ్ రూప్లీ’ అంటవ్. ఏందన్నా ఇది? సార్‌కు తెలిస్తే నిన్ను బతకనిస్తడా? ఇప్పు.”

“రూప్లీ, ఆ బల్ల మీదిది చేతిల వట్టుకో.”

“గేములాడేది. అయితే?”

“లాల్‌సింగ్ పట్కపోయింది అదే.”

“అన్నీ ఒక్కతీరుంటయ్ గదన్నా. అదే అని నీకెట్ల ఎరుక?”

“ఆ డబ్బా చెప్పింది.”

“వస్తువు చెప్తదా?”

“చెప్తది చెల్లె. మనుషులే చెప్తలేరు. వీని అయ్య జీపుల దొరికిందట. దానితోటి ఒక చెప్పు గూడ ఉన్నదట.”

“ఏం చెప్పు?”

“చెప్పురా. నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పు.”

“నీలం పట్టీది, వదినా. ఒకటే ఉంది.”

“ఎడమ కాలిదా, కుడి కాలిదా?”

“చూడలేదు.”

“బొటనవేలు కాడ దారంతోటి కుట్టేసి ఉన్నదా?”

“...ఉంది. నల్ల దారం.”

“నేనే కుట్టిన. దుమ్ముగూడెం సంతల కొన్న పది దినాలకే తెగితే, కొత్తయి కొందామంటే ఇనలే, నాతోటే కుట్టిచ్చుకున్నడు. అన్నా...”

“కూసో చెల్లె. ఆ స్టూల్ మీద కూసో.”

“నేను కూసోను. కట్టు ఇంక గట్టిగ బిగియ్.”

“వదినా!”

“అనకు! ఆ మాట అనకు! ఈ చెంపకు ఒకటి. ఈ చెంపకు ఒకటి. నా మొగడు యాడ? నా మొగడు యాడరా?”

“నాకు తెలీదు! మా నాన్నని అడగండి! నాకు నిజంగా తెలీదు!”

“అడుగుదం. ఫోన్ లాక్ నంబరేంది? చెప్పు జల్దీ. ...‘డాడీ’, ఇదేనా? స్పీకర్ల వెడ్తున్న. ఈడ మేమున్నమని ఒక్క అక్షరం వచ్చిందో—”

“చెవు కోస్త. అన్న కాదు, నేను కోస్త.”

“మోగుతున్నది. మాట్లాడు.”

“ఏరా నాన్నా, భోంచేశావా?”

“చేశాను నాన్నా.”

“గొంతేంటి అలా ఉంది?”

“జలుబు చేసింది. నాన్నా, జీపులో జాకీ డబ్బా ఉంటుంది కదా. అందులో గేమ్ ఆడే కంట్రోలర్ ఒకటి—”

“దాన్ని తీశావా? ఎవడు తీయమన్నాడ్రా నిన్ను? ఎక్కడుందది?”

“నా దగ్గరే ఉంది.”

“ఎవరికైనా చూపించావా? ఆ చందర్‌గాడి కొట్టుకి పట్టుకెళ్ళలేదు కదా?”

“లేదు.”

“అమ్మ మీద ఒట్టెయ్.”

“ఒట్టు నాన్నా.”

“సరే. ఇప్పుడే బండి తీసుకుని వంతెన మీదికెళ్ళు. గోదాట్లో పారేసి రా. మళ్ళీ దాని మాట నా దగ్గరా ఎత్తకు, ఎవరి దగ్గరా ఎత్తకు.”

“ఎవరిది నాన్నా అది?”

“నీకెందుకు? చెప్పింది చెయ్.”

“అది లాల్‌సింగ్‌ది.”

“ఫోన్లో పేర్లెత్తకు.”

“నువ్వు చంపావా?”

“నేనా! నేనెందుకు చంపుతాన్రా వాణ్ణి? వాడికీ నాకూ ఏముంది? వాడి పెళ్ళాం మన చేలోనే పని చేస్తుంది. పండక్కి చీర పెట్టాను దానికి.”

“మరి ఎవరు నాన్నా?”

“వదిలెయ్. నీకు తెలియకుండానే పోవాలి ఇది.”

“చెప్పకపోతే ఇది పట్టుకుని నేనే స్టేషన్‌కి వెళ్తాను.”

“వెళ్ళరా! వెళ్ళి నిన్ను నువ్వే పట్టించుకో!”

“నన్నా?”

“ఆ మంగళవారం నేను మిర్చి బేరానికి ఖమ్మం వెళ్ళాను. బేరంలో పడి మర్చిపోతానని పొద్దున్నే నీకేం చెప్పాను? చేలో మోటారు స్టార్టర్‌కి ఎన్నింటికి రింగిమ్మన్నాను?”

“రాత్రి తొమ్మిదింటికి.”

“ఎన్నింటికి ఇచ్చావ్?”

“...సాయంత్రం. ఆటలో పడితే మర్చిపోతానని. మోటారేగా నాన్నా. ఫోన్ రింగిస్తే ఆన్ అవుద్ది, నీళ్ళు పారతాయి. రెండు గంటలు ముందు పారితే ఏం పోయింది?”

“మోటారొక్కటే కాదురా. మొక్కజొన్న చుట్టూ అడవి పందులకి తీగ కట్టాను. ఆ తీగకి కరెంటు కూడా అదే స్టార్టర్ నుంచి. ఇంట్లో కూర్చుని రింగిస్తే చాలు, చేనంతా కంచె. తొమ్మిది దాటాక ఆ గట్టున మనిషనేవాడు నడవడు. అందుకే తొమ్మిది. నీకు చెప్పలేదు, ఎక్కడన్నా నోరు జారతావని చెప్పలేదు.”

“నాన్నా, అలా అంటావేంటి—”

“మోటార్ ఆన్ అని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆరూ నలభైకి. బేరంలో ఉండి చూసుకోలేదు. తెల్లారుజామున చేలోకి వెళ్తే గట్టు మీద పడి ఉన్నాడు. బస్సు దిగి, రోడ్డు చుట్టూ తిరగలేక, అడ్డంగా తండాకి నడిచుంటాడు. సంచి భుజానే ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు.”

“ఓ యాడీ! ఓ—”

“ఎవర్రా అది? ఎవరో ఆడమనిషి గొంతు?”

“టీవీ నాన్నా. టీవీలో.”

“తగ్గించు.”

“అతన్ని ఎక్కడ... ఎక్కడ పెట్టావు నాన్నా?”

“ఎగువన కూలిన బావి ఉందిగా. ట్రాక్టర్ నేనే నడిపాను. మట్టి నేనే తోలాను. పాలేరుని కూడా పిలవలేదు. సంచిలోంచి జారిన ఆ కంట్రోలరూ, ఊడిన చెప్పూ తర్వాత గట్టున దొరికితే, పారేద్దామని జీపులో పెట్టాను. ఈ వయసులో, నడుం పడిపోయేలా. ఎవరికోసంరా? ఒక్కగానొక్కడివి. జైల్లో పెడతారు నిన్ను. అందుకే చెబుతున్నా, దాన్ని గోదాట్లో పారేసి ఇంటికి రా. అమ్మకి చెప్పకు. వింటున్నావా?”

“వింటున్నా.”

“ఏడవకు. నువ్వు కావాలని చేయలేదు. పెట్టేస్తున్నా.”

“...ఇన్నవా చెల్లె?”

“ఇన్న.”

“కూసో.”

“ఆ బావి పక్కన మొన్న కలుపు తీసిన అన్నా. ఈ తొమ్మిది దినాల్ల నాలుగు దినాలు కూలికి వోయిన. పిల్లలకు బువ్వ కావాలె గదా అని వోయిన. మట్టి కొత్తగున్నది, ఏంది సార్ అంటే, పిల్లలు పడతరని పూడ్పిచ్చిన అన్నడు. ఆ మట్టి మీదనే కూసోని సద్దన్నం తిన్న. నీళ్ల సీసా సారే ఇచ్చిండు. ‘నీ మొగడు వస్తడులే రూప్లీ’ అన్నడు.”

“వాని సంగతి తర్వాత జూద్దం. వాడు ఏడికి వోడు.”

“అన్నా, నన్ను వదిలెయ్. నేనే స్టేషన్‌కి వస్తాను. మా నాన్న చెప్పిందంతా నేనే చెప్తాను.”

“ఆటకోసం! ఇన్నవా చెల్లె, ఆటల పడితే యాదిమరుస్తడంట! ఆట ఆగొద్దని రెండు గంటల ముందు నొక్కిండంట! ఆడ మా లాల్‌సింగ్ తీగ మీద గుంజుకుంటుంటే ఈడ వీడు బొమ్మల దుంకిచ్చుకుంట కూసున్నడు! నా దుకాణంల! నేను చేసిన డబ్బాతోటి! ఏడవకురా! ఏడిస్తే కండ్లల్ల వెడ్త!”

“అన్నా, ఆ ఐరన్ పక్కకు వెట్టు.”

“ఎందుకు? వీని మీద జాలైతున్నదా?”

“జాలి లేదు. ఆ వైర్లు కత్తిరిచ్చేది ఇయ్యి.”

“కటింగ్ ప్లేయరా? ఇగో.”

“ఇది ఎంత మందం కోస్తది?”

“కరెంటు వైరు కోస్తది. రాగి తీగ కోస్తది.”

“మనిషి బొక్క?”

“గట్టిగ వత్తితే కోస్తది.”

“వదినా... అమ్మా... రూప్లమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు!”

“నేను నీ పాణం అడుగుతలే. పాణం తీస్తే నా పిల్లలు ఇంకా ఆగమైతరు. ఒక్క ఏలు. నా మొగన్ని సంపిన ఏలు. దాన్ని తీస్కపోయి ఆ బావి మీద వెడ్త. ఏ ఏలుతోటి నొక్కినవ్? జూపెట్టు.”

“అన్నా, ఆపమనన్నా!”

“నేనెందుకు ఆపుత? చెయ్యి నేనే వట్టుకుంట. ఏ చెయ్యిరా? కుడిదా, ఎడమదా?”

“అడక్కన్నా. ఆ మాట ఒక్కటీ అడక్కు.”

“బుగులైతున్నదా?”

“నాకోసం కాదు. ఏ వేలు కావాలంటే ఆ వేలు కోసుకోండి. ఇదిగో, ఇది కోసుకోండి. కానీ ఆ మాట అడక్కన్నా.”

“ఏం నాటకంరా ఇది? అడుగుత! వందసార్లు అడుగుత! ఆమె మొహం జూసి చెప్పు! ఆరూ నలభైకి నువ్వు యాడున్నవ్?”

“ఇక్కడే.”

“ఈడ అంటే యాడ?”

“రెండో పీసీ దగ్గర. నువ్వు నా పక్కన కూర్చున్నావు. ఇద్దరం ఒక జట్టు.”

“జట్టు ముచ్చట ఎవరడిగిన్రు? ఏలు అడిగింది ఆమె!”

“నీ బొమ్మ అప్పటికే చచ్చిపోయిందన్నా. నేనొక్కణ్ణే మిగిలాను. నువ్వు ఖాళీగా కూర్చుని, ఆపకు జేపీ, ఆపకు అని అరుస్తున్నావు.”

“ఏలు జూపెట్టుమంటుంటే ఆట ముచ్చట చెప్తడేందిరా వీడు! చెల్లె, ఈ బొటనవేలు కొయ్. పట్టు, నేను వట్టుకున్న, కొయ్!”

“ఆగన్నా. నువ్వు ఎందుకు తొందర వడుతున్నవ్? చెప్పనీయ్ వాన్ని. ఎవరు నొక్కిన్రు రా?”

“నా రెండు చేతులూ కంట్రోలర్ మీదే ఉన్నాయి రూప్లమ్మా. మోటారుకి రింగివ్వాలని నేనంటే, బల్ల మీద తెరిచున్న నా ఫోన్ తీసి, స్టార్టర్‌కి రింగిచ్చింది చందరన్న.”